మస్కట్ సెట్టింగు

"మనిషి అబద్ధమాడుతడు మేడం. బండి అబద్ధమాడదు," అన్నాడు ఖానాపూర్ ఠాణాలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాంచందర్. అని, చేతిలోని కాగితాన్ని పెండ్లిపత్రిక ఇచ్చినంత మర్యాదగా జమున ముందు పెట్టాడు.

జమున దాన్ని ముట్టుకోలేదు. డబ్బీలోంచి నాలుగు సోంపు గింజలు నోట్లో వేసుకుని, కూర్చున్న చోటి నుంచే చదివింది. కరీంనగర్‌లో ఆమె చాలాకాలం ఇన్సూరెన్స్ సర్వేయరు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. గుద్దుకున్న బండిని ఒక్కసారి చుట్టి వస్తే చాలు, నడిపినవాడు ఆ పొద్దున ఏం తిన్నాడో కూడా చెప్పేస్తుందని ఆమె మీద ఒక ప్రచారం ఉంది. ఒకసారి ఉప్మా అని చెప్తే పూరీ అని తేలిందట. ఆ ముక్క మాత్రం ఎవరూ ప్రచారం చేయరు.

కాగితం మీద నాలుగే నాలుగు వరసలున్నాయి.

మూడూ పదికి వెనక డోర్ తెరుచుకుంది. మూడూ పన్నెండుకు డ్రైవర్ డోర్ తెరుచుకుంది. మూడూ పద్నాలుగుకు డ్రైవర్ డోర్ మూసుకుంది. మూడూ పదిహేడుకు ప్యాసింజర్ డోర్ తెరుచుకుంది.

"బండి మెమొరీల నుంచి తీసిన ముక్కలివి," అన్నాడు సి.ఐ. "హైదరాబాద్ నుంచి మనిషిని పిలిపిచ్చిన. వైరు గుచ్చిండు, తీసిచ్చిండు, పోయిండు. ఛాయ్ గూడ తాగలే."

"తలుపులు తీసి చూసిండా?"

"తలుపులెందుకు? మెమొరీ ఉండంగ?"

సంగతేమిటంటే, సోమవారం మధ్యాహ్నం ఖానాపూర్ దాటి ఉట్నూర్ వైపు పోయే అడవి రోడ్డు మీద, ఒక కల్వర్టు దగ్గర ఒక తెల్ల కారు ఆగింది. అందులో ముగ్గురున్నారు. స్టీరింగ్ దగ్గర డ్రైవర్ దేవసహాయం. పక్కసీట్లో హనుమండ్లు. వెనక సీట్లో కారు యజమాని రాయమల్లు. ఈ రాయమల్లు మస్కట్‌లో వయసంతా గడిపి, తిరిగొచ్చి కరీంనగర్‌లో బోరు బండ్లు నడుపుతున్నాడు. హనుమండ్లు ఆయన బామ్మర్ది, అంటే భార్య రామవ్వకు స్వయానా తమ్ముడు.

రాయమల్లు ఒంటికి పోయి వస్తానని దిగాడు. మళ్లీ ఎక్కలేదు. కల్వర్టు కింద, ఎండిన వాగు బండల మీద, తల పగిలి దొరికాడు. కల్వర్టు గోడ నడుమెత్తు ఉంది. కాలు జారితే దాటి పడే గోడ కాదది, ఎవరో ఒకరు ఎత్తి తోయవలసిన గోడ. ఇప్పుడాయన కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరుంది, తెలివి లేదు.

ఆయన వెనక ఇంకొకరు దిగారు. ఎవరు? హనుమండ్లే దిగాడంటాడు దేవసహాయం. దేవసహాయమే దిగాడంటాడు హనుమండ్లు. రోడ్డు మీద మూడో మనిషి లేడు. మూడో సాక్షి కారు ఒక్కటే.

"హనుమండ్లు చెప్పినదానికి అతికినట్టుందా లేదా?" సి.ఐ. కాగితం మీద వేలు ఆడించాడు. "సేటు దిగిండు. డ్రైవరు ఎనుక దిగిండు, తోసిండు, ఏమెరుగనోని లెక్క వచ్చి కూసున్నడు. బావ ఎంతకూ రాడేందని హనుమండ్లు దిగి చూసిండు. ఖతం. పైగా డ్రైవరు చొక్కా నిండ నెత్తురు."

"కింద నుంచి సేటును మోసుకొచ్చినోనికి నెత్తురు అంటదా?"

"తోసినోనికి గూడ అంటుతది."

"పైన నిలబడి తోస్తె కింద పగిలిన నెత్తురు ఎట్లంటుతది సారు? ఎగిరొస్తదా?"

సి.ఐ. మీసం సర్దుకున్నాడు. అంతకుముందు ఏడాది ఆదిలాబాద్ దిక్కు ఒక జిన్నింగ్ మిల్లు తగలబడితే, ఆయన షార్ట్ సర్క్యూట్ అని రాసి మూసేసిన ఫైలును ఈమే తెరిపించింది. అప్పటినుంచి ఆయనకు సోంపు వాసన పడదు.

"డ్రైవరుకు సేటు మీద కోపానికి కారణముంది," అన్నాడు. "ఆదివారం సేటుకు చెప్పకుండ ఈ బండిల జనాన్ని చర్చికి ఎక్కిచ్చుకపోయిండు. సేటు నలుగురి ముందట తిట్టిండు, పని మానిపిస్తనన్నడు."

"తిట్టినోళ్లనల్ల తోసుకుంట పోతె కరీంనగర్ల సేట్లే మిగులరు. హనుమండ్లుకున్న కారణం చూసిండ్రా? పొద్దుగాల నేను గా టేకు తోట కాడికి పోయొచ్చిన."

టేకు తోట కథ చెప్పుకోదగ్గది. బావ మస్కట్‌లో ఉండగా ఆయన పేరున ఉట్నూర్ దగ్గర తోట కొన్నానని చెప్పి హనుమండ్లు ఏటేటా ఫొటోలు పంపేవాడు. మొదటి ఫొటోలో చెట్లు మోకాలెత్తు. మరుసటి ఏడు తలను దాటాయి. ఆ పై ఏడు హనుమండ్లు రెండు చేతులూ చాపి కౌగిలించుకున్నా మానుకు చేతులందలేదు. టేకు అంత జల్దీగా బలిస్తే మన ఇండ్లలో మంచాలు కూడా ఏటా ఒక జానెడు పెరగాలి. సోమవారం రాయమల్లు మొట్టమొదటిసారి ఆ తోట చూడబోతున్నాడు. జమున పొద్దున పోయి చూస్తే ఫొటోలో ఉన్న చోట అడవిశాఖ హద్దురాళ్లున్నాయి తప్ప తోట లేదు.

"తోట లేకుంటె గది మోసం కేసు. వేరే ఎఫ్‌ఐఆర్ రాసుకుంట," అన్నాడు సి.ఐ. "మోసం జేసినోడల్ల తోసిండని ఎట్లంటరు? బండి చెప్తుంది గద, డ్రైవర్ డోర్ అని. నాలుగు గంటలకు దేవసహాయాన్ని కోర్టుల పెడుతున్న. రాయమల్లుకేమన్నయితె ఇది ఖూనీ కేసయితది. మీ చేతనైతె గా ముక్క తప్పని చూపుండ్రి. లేకుంటె సోంపు నముల్కుంట ఇంటికి పోండ్రి."

జమునకు లోపల హనుమండ్లే అని తెలుసు. కండ్ల ముందు డ్రైవర్ డోర్ అని రాసి ఉంది. రెండూ నిజమయ్యే దారి ఆమెకు కనపడలేదు.

లాకప్ ముందు నేల మీద దేవసహాయం భార్య ఎలీసబెతు కూర్చుని ఉంది. జమునను ఈ కేసులోకి పిలిచింది ఆమే. ఊచల అవతల దేవసహాయం టిఫిన్ డబ్బా మూత తిప్పుతూ, తీస్తూ, మళ్లీ తిప్పుతున్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు అన్నా," అంది జమున. "నువ్వు దిగినవా?"

"దిగిన మేడం. ఆఖరికి దిగిన. మొదలు దిగలే. సేటు పోయిండు. జరసేపటికి హనుమండ్లు పటేలు, నేను గూడ పోయొస్త అని దిగిండు. వచ్చి కూసున్నడు. బావ ఫోన్ల మాట్లాడుతుండు, ఏసీ పెంచు అన్నడు. పెంచిన. ఎంతకూ రాకపాయె. అప్పుడు నేను దిగి చూస్తె..." మూత చేతిలోంచి జారి కింద పడింది.

"మరి బండి నువ్వు ముందుగాల దిగినవని చెప్తుంది."

"గా బండి మాటనా?" దేవసహాయం ఊచలు పట్టుకున్నాడు. "దానికి గాలి సోకింది మేడం!"

"గట్ల మాట్లాడకు," అంది ఎలీసబెతు. "పాస్టరుగారు వింటె ఏమనుకుంటడు?"

"పాస్టరుగారే గదనే బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన జేసింది! అంతకుముందు సేటు కొండగట్టు గుడికి గూడ తోల్కపోయిండు. అయ్యగారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టిచ్చిండు, తొక్కిచ్చిన. ఎవ్వలకూ లొంగలేదది."

"ఏం జేస్తదది?"

"ఒక్కటా? నేను బెల్టు పెట్టుకున్నా సరే, పెట్టుకోలేదని నా ముందు ఎర్ర దీపం ఎలుగుతది, మోగుతది. ఒక్కోపాలి పెట్టుకోకున్నా మోగది. రివర్స్ ఏస్తె ఒక దిక్కు అద్దం కిందికి వంగాలె, ఇంకో దిక్కుది వంగుతది. రిమోట్ ఒత్తితె నా తలుపు తెరుసుకోది. పక్కసీటు నుంచి ఎక్కి, గేరు మీది నుంచి దుంకి నా సీట్ల వడుతున్న. నడుము పోయింది మేడం."

"ఎప్పటి సంది?"

"పర్శరాములు వైరు గుచ్చిన కాన్నుంచి."

ఆ పర్శరాములు ఠాణా వెనక, కారు దగ్గర నిలబడి ఉన్నాడు. జమునే ఆయనను కరీంనగర్ నుంచి వెంట తెచ్చింది. యాభై దాటిన మనిషి. మొదట రేడియోలు బాగుచేశాడు, తర్వాత టేపు రికార్డర్లు, ఆ తర్వాత డిష్‌లు. ఇప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని కార్లకు కోడింగ్ చేస్తున్నాడు. దారి పొడవునా ఆయన చెప్పిన సంగతుల్లో మచ్చుకు ఒకటి: మంథనిలో ఒక డాక్టరు కారుకు ఈయన ఎంత బాగా కోడింగ్ చేశాడంటే, రోగి ముఖం చూసి అది తనంతట తానే హారన్ కొట్టేదట. జ్వరమైతే ఒకసారి, విరేచనాలైతే మూడుసార్లు. ఇందులో సగం మీరు నమ్మండి. మిగతా సగం పర్శరాములు కూడా నమ్మడు.

కారు జర్మనీ కంపెనీది, సెకండ్ హ్యాండ్. ముందర నిమ్మకాయా మిరపకాయలూ ఎండిపోయి వేలాడుతున్నాయి. బానెట్ మీద పసుపు బొట్లున్నాయి. జమున రిమోట్ అందుకుని ఒకసారి ఒత్తింది. టక్కుమంది. డ్రైవర్ తలుపు లాగింది. రాలేదు. అటు తిరిగిపోయి పక్కసీటు తలుపు లాగింది. వచ్చింది.

"రెండుసార్లు ఒత్తాలె మేడం," అన్నాడు పర్శరాములు. "ఒకపాలి ఒత్తితె డ్రైవర్‌ది ఒక్కటే తెరుసుకుంటది. రెండోపాలికి అన్ని తెరుసుకుంటయి. దొంగలు పక్క నుంచి దూరకుండ సేఫ్టీ సెట్టింగది."

"డ్రైవర్‌ది తెరుసుకోలే గద?"

"తెరుసుకోలే," అని ఒప్పుకున్నాడు పర్శరాములు. "గది గడబిడ. మోటారు ఖరాబై ఉంటది."

సి.ఐ. రాంచందర్ కూడా వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేడుక చూసే ముఖం పెట్టాడు.

"మొదలు నుంచి చెప్పు పర్శన్నా," అంది జమున. "నీకు తెలిసిన తీరు గాదు, నాకు తెలిసే తీరు."

ఆయన చెప్పింది ఇది. ఈ కాలపు కారులో తలుపులకొక పెట్టె, దీపాలకొక పెట్టె, బెల్టులకొక పెట్టె ఉంటాయి. ఒక్కో పెట్టెలో చిన్న కంప్యూటరుంటుంది. ఏది ఎప్పుడు ఎట్లా చేయాలో కంపెనీవాడు అందులో ముందే రాసి పెడతాడు. స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంది. దానికి వైరు తగిలించి, ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆ రాతను చదవవచ్చు, మార్చవచ్చు. తాళం వేస్తే హారన్ చిన్నగా కూయాలా? కూస్తుంది. ఎండకు కారు కాలిపోతుంటే దూరం నుంచే అద్దాలు దింపాలా? దింపుతుంది.

"సేటు ఏమేం అడిగిండు?"

"గవన్నీ అడిగిండు. ఇంకోటి గూడ అడిగిండు. ఏ తలుపు ఎప్పుడు తెరిచిండ్రో బండి యాదిపెట్టుకోవాలన్నడు. ఆదివారాలు డ్రైవరు ఎటు పోతుండో తెలువాలని."

"అన్నీ నువ్వే రాసినవా?"

పర్శరాములు గొంతు సవరించుకున్నాడు. "రాసుడంటే... ఒక్కొక్కటి మార్చుకుంట పోతె వారం పడుతది మేడం. సేటు తమ్ముడు మల్లేష్ మస్కట్ల ఉన్నడు గద. గిదే మోడలు, గిదే ఏటి బండి నడుపుతుండు. దాంట్ల అన్ని సెట్టింగులున్నయి. గా బండి రాత మొత్తం ఫైలు జేసి పంపిచ్చిండు. నేను దీంట్ల దించిన."

"మొత్తమా?"

"మొత్తం. గల్ఫ్ సరుకు గద మేడం! గట్టిగుంటది."

ఈ మాటకు కరీంనగర్ జిల్లాలో ఎదురులేదు. దుప్పటి, అత్తరు, టార్చిలైటు, మోకాళ్ల నొప్పుల మందు, ఏదైనా సరే గల్ఫ్ నుంచి వచ్చిందంటే ఇంట్లో దాని కూర్చునే తీరే వేరు. మా ఎరుకలో ఒకాయన దుబాయి నుంచి తెచ్చిన దుప్పటి కప్పుకుని పడుకుంటే, ఎండాకాలం వచ్చి లేపేదాకా చలికాలం అయిపోయిన సంగతే ఆయనకు తెలియలేదు. అట్లాంటి చోట సెట్టింగులు మాత్రం ఊరివి ఎందుకు పెట్టించుకుంటాడు?

మస్కట్ అనగానే జమున సోంపు డబ్బీ టక్కున మూసింది. దొరికిందనుకుంది.

"టైము!" అంది. "మస్కట్ టైము మనకంటె గంటన్నర ఎనుకకుంటది! గా రాత మస్కట్‌దైతె, మూడూ పది అన్నది మూడూ పది గాదు సారు! మీ కాగితం మీద టైములన్నీ తప్పు!"

సి.ఐ. తొందరపడలేదు. కారులో తల పెట్టి, తాళం తిప్పాడు. డాష్‌బోర్డు మీద గడియారం వెలిగింది. తన చేతి గడియారాన్ని పక్కన పెట్టి చూపించాడు. రెండూ ఒక్కటే.

"గడియారం ఇక్కడికొచ్చినంక మార్చిన మేడం," అన్నాడు పర్శరాములు, నేల చూస్తూ. "గంత ఎడ్డోన్ని గాదు."

"ఇంకేమన్న ఉందా?" అన్నాడు సి.ఐ. "లేకుంటె గడియారం పాడైందని గూడ నా మీదనే కేసు పెడుతరా? అయినా గంటన్నర జరిపితె మాత్రం డ్రైవర్ డోరు ప్యాసింజర్ డోర్ అయితదా?"

నిజమే. టైము ఎంత జరిపినా తలుపు జరగదు. జమున కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. బెల్టు పెట్టుకుంటే మోగుతుంది, పెట్టుకోకుంటే మోగదు. వంగవలసిన అద్దం వంగదు. తెరుచుకోవలసిన తలుపు తెరుచుకోదు. ఇది రాతలో తప్పా? వైర్లలో తెగుడా? లేక పర్శరాములే కావాలని చేశాడా? అసలు ఈ పిచ్చి బండి రాసిన ముక్కలను కోర్టు నమ్మదని వాదిస్తే సరిపోతుందా? సరిపోదు. నమ్మకపోతే మిగిలేది రెండు నోళ్లు. ఒకటి బాధితుని బామ్మర్దిది. రెండోది చొక్కా నిండా నెత్తురున్నవాడిది.

అవతల అటెండరు జీపు తుడుస్తున్నాడు. దేవసహాయాన్ని కోర్టుకు తీసుకుపోయే జీపు. ఎలీసబెతు లేచి నిలబడి దాన్నే చూస్తోంది.

"గా మల్లేష్ ఫైలు పంపిండన్నవ్," అంది జమున, ఏదో ఒకటి అడగాలని. "ఫోన్ల ఏమన్న చెప్పిండా?"

"చెప్పలే. వీడియో పంపిండు. ఏ సెట్టింగు ఎట్ల పనిజేస్తదో చూపిచ్చిండు."

"పెట్టు."

ఫోన్‌లో మల్లేష్ కనపడ్డాడు. నల్ల కళ్లద్దాలు, తెల్ల అంగీ, వెనక ఎడారి ఎండ. స్టీరింగ్ ముందు కూర్చుని, "చూసినవా పర్శన్నా, దీన్ని ఒత్తితె గిట్ల, దాన్ని ఒత్తితె గట్ల," అని చూపిస్తున్నాడు. మనిషి ఆనందం చూస్తే కారు ఆయనే కనిపెట్టాడేమో అనిపిస్తుంది. కిటికీ అద్దం దింపి, దాని మీద మోచేయి ఆనించి, నవ్వి, ఆపేశాడు.

"మళ్ల పెట్టు," అంది జమున.

మళ్లీ పెట్టాడు.

"ఇంకోపాలి."

మూడోసారి ఆమె సెట్టింగులు చూడలేదు. మోచేయిని చూసింది. ఫోన్ అట్లాగే పట్టుకుని పోయి దేవసహాయం సీట్లో కూర్చుంది. స్టీరింగ్ పట్టుకుంది. కిటికీ అద్దం దింపి దాని మీద మోచేయి ఆనించింది. తన మోచేయి చూసుకుంది. ఫోన్‌లో మల్లేష్ మోచేయి చూసింది. మళ్లీ తనది చూసుకుంది.

నోట్లో సోంపు నమలడం ఆగిపోయింది.

"పర్శన్నా," అంది మెల్లగా, "మస్కట్ల స్టీరింగ్ ఎటు దిక్కుంటది?"

"ఎడమకు," అన్నాడు పర్శరాములు. "గల్ఫ్‌ల అంతటా గంతే గద. గిది గూడ తెలు..." అక్కడ ఆగాడు. నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ నోట్లోంచి జీవితంలో మొదటిసారి మాట రాలేదు.

జమున కారు దిగింది. "సారు, జర మీరొచ్చి ఈడ కూసోండ్రి."

"నేనెందుకు?"

"సాక్షిని మీరే అడుగుండ్రి. నేనడిగితె నేర్పిచ్చిన అంటరు. పర్శన్నా, నువ్వు ల్యాప్‌టాప్ మూసి దూరం జరుగు. వైరు తియ్యి. బండి మీద ఎవ్వల చెయ్యి ఉండద్దు."

సి.ఐ. రాంచందర్ టోపీ సవరించుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. తలుపులన్నీ మూశారు. తాళం తిప్పి ఉంది. డాష్‌బోర్డు వెలుగుతోంది.

"ఇప్పుడు మీ పక్కనున్న తలుపు తెరువుండ్రి. డ్రైవర్ తలుపు. తెరిచి, ముందట ఏం రాసుందో గట్టిగ సదువుండ్రి."

ఆయన కుడిచేత్తో తలుపు తీశాడు. డాష్‌బోర్డు మీద ఎర్రగా అక్షరాలు మెరిశాయి. చదవబోయి ఆగాడు. తలుపు మూశాడు. మళ్లీ తీశాడు.

"సదువుండ్రి సారు."

"...ప్యాసింజర్ డోర్ ఓపెన్."

"మూయుండ్రి." ఆమె అటు తిరిగిపోయి ఎడమ తలుపు, సోమవారం హనుమండ్లు కూర్చున్న సీటు తలుపు, బార్లా తీసింది. "ఇప్పుడు?"

"డ్రైవర్ డోర్ ఓపెన్," అన్నాడు సి.ఐ. ఆ గొంతు ఆయనదేనా అని అటెండరు జీపు తుడవడం ఆపి చూశాడు.

"మీరన్నది నిజమే సారు. బండి అబద్ధమాడలే," అంది జమున. "దాని రాతల డ్రైవరంటె ఎడమ దిక్కున్నోడు. అందుకే ఎడమ సీటోళ్లు బెల్టు పెట్టుకోకుంటె డ్రైవర్ పెట్టుకోలేదని మోగుతది. రిమోట్ ఒత్తితె ఎడమ తలుపు తెరుసుకుంటది. దేవసహాయం గాలి సోకిందనుకున్నడు. సేటు దిష్టి తాకిందనుకున్నడు. పాపం కొండగట్టు అయ్యగారు మాత్రం ఏం జేస్తడు? ఇప్పుడు మీ కాగితం మళ్ల సదువుండ్రి. మూడూ పన్నెండుకు దిగింది ఎవరు?"

"ఎడమ సీటోడు."

"పేరుతోని చెప్పుండ్రి."

"హనుమండ్లు." సి.ఐ. కారులోంచి బయటకు వచ్చాడు. "మూడూ పద్నాలుగుకు వచ్చి కూసున్నడు. పదిహేడుకు దిగి చూసింది దేవసహాయం. వాడు చెప్పింది చెప్పినట్టే ఉంది." జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ఏమయ్యా పర్శరాములూ! ఇంత పని జేసి, ఎటు దిక్కు ఏముందో చూసుకోవా?"

"గల్ఫ్‌ది గదా అని..." అన్నాడు పర్శరాములు. ఎవరి ముఖమూ చూడకుండా, ఎండిన నిమ్మకాయను అటూ ఇటూ తిప్పసాగాడు.

"పాత రాత దాచినవా?"

"పెన్‌డ్రైవ్‌ల ఉంది సారు."

"ఉండనియ్యి. కోర్టు చెప్పేదాక బండిని ముట్టుకున్నవంటె నిన్ను లోపటేస్త." సి.ఐ. ఠాణా వైపు తిరిగి కేకేశాడు. "అరేయ్, లాకప్ తాళం తియ్యుండ్రి! జీపు కోర్టుకు గాదు, కరీంనగర్‌కు. హనుమండ్లు ఏడున్నడు?"

"ఏడుంటడు? ఆసుపత్రిలనే ఉన్నడు," అంది జమున. "సోమవారం సంది బావ మంచం కాన్నుంచి కదులలేదట. ఊరంతా మెచ్చుకుంటుంది." అంటూనే ఆమె ఆగిపోయింది. సి.ఐ. కూడా ఆగాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"ఆడ మీ మనిషి కాపలా ఉన్నడు గద?"

సి.ఐ. రుమాలు జేబులో పెట్టుకోవడానికి చాలా శ్రమపడ్డాడు. "పొద్దుగాల ఎనుకకు పిలిచిన," అన్నాడు. "ముద్దాయి నా దగ్గరనే ఉండె గదా... ఆడ కాపలా ఎందుకని."

లాకప్ తాళం చప్పుడైంది. దేవసహాయం గడప దాటి ఒక అడుగు వేసి, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఎలీసబెతు ఆయన చేయి పట్టుకుంది. ఏడవలేదు. టిఫిన్ డబ్బా మూత ఏదని అడిగింది. జమున అటు చూడకుండానే ఫోన్ తీసి, రాయమల్లు భార్యకు కలిపింది.

రామవ్వ మొదటి రింగుకే ఎత్తింది. నాలుగు రోజులుగా ఏడుపు తప్ప ఇంకేమీ లేని గొంతులో ఇప్పుడు సంబురం పొంగుతోంది.

"జమునమ్మా! మా ఆయన కండ్లు తెరిచిండమ్మా! ఇప్పుడిప్పుడే. నన్ను చూసిండు. పెదవులు కదిలిచ్చిండు!"

జమున స్పీకర్ నొక్కి ఫోన్‌ను సి.ఐ. వైపు తిప్పింది. "ఏమన్న మాట్లాడిండా రామవ్వా?"

"మాట్లాడిండు గని నాకు సమజ్ కాలే. మా తమ్ముడు నోటి కాడ చెవి పెట్టి విన్నడు. డ్రైవరే తోసిండు అంటుండట."

దేవసహాయం ఎలీసబెతు చేయి వదిలి వెనక్కి ఒక అడుగు వేశాడు, మళ్లీ ఊచల వైపు. ఆ మాట విన్నాక తన జాగా అదేనన్నట్టు. సి.ఐ. ఆయన భుజం పట్టి ఆపాడు.

"నువ్వు విన్నవా? నీ చెవులతోని?" అని ఫోన్‌లో అడిగింది జమున.

"నేనేడ విన్న? తమ్ముడే విని చెప్పిండు."

ఫోన్‌లో ఆటో హారన్లు వినిపిస్తున్నాయి. ఎవరో అరటిపండ్లు అమ్ముతున్నారు. జమున ఫోన్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకుంది. "రామవ్వా, నువ్విప్పుడు ఏడున్నవ్?"

"కిందికొచ్చిన, గేటు కాడ. బావకు కొబ్బరినీళ్లు తాపుదాం, బోండం తే అక్కా అన్నడు తమ్ముడు. నర్సును గూడ బయటికి పంపిండు, సప్పుడుంటె బావకు నిద్రపట్టదని. ఎంత సేవ జేస్తుండమ్మా, కన్నకొడుకు గూడ చెయ్యడు."

"రామవ్వా, బోండం ఇడిసిపెట్టు! పైకి ఉరుకు! నర్సును పిలుచుకుంట ఉరుకు! ఆయనను ఒక్కన్ని ఉంచకు!"

రామవ్వ నవ్వింది. భయపడుతున్న పిల్లను బుజ్జగించినట్టు, ఎంతో ప్రేమగా అంది:

"గంత పరేషానెందుకమ్మా? ఒక్కడేడున్నడు? పక్కన మా తమ్ముడున్నడు గద."